బుగ్గల ఉన్నదేంది

ఏ బొమ్మనే బిడ్డా? గదా... ఆగాగు, గట్ల ఒంటిచేత్తోని దించకు, అద్దం వదులైంది, జారి కాలు మీద పడ్తది. గోడకు ఆనిచ్చి పెట్టు. ఫోటో గాదే అది, పెన్సిల్‌తోని గీసింది. అందరు గట్లనే మోసపోతరు. ఎవలీ పోరి అంటవా? మీ అత్త ఏం జెప్పింది నీకు? సిగ్గువడకు, చెప్పు. ఊఁ. "తాత గీసిండు, ఎవల పిల్లనో ఏమో, ముసలామెను అడుగకు" అని ఉంటది, కొంగు నోటికి అడ్డం వెట్టుకొని. కొత్త ఫ్లాటుకు దీన్ని తీస్కపోవద్దన్నదా? పాత సామాన్ల బండికి ఎయ్యమన్నదా! అంటది అంటది. మా స్వర్ణలత మంచిదే, నా కోడలని జెప్తలేను, గాని ఇజ్జత్ అంటే పానం ఇడుస్తది. సరే, ఎవలో జెప్త. నీకొక్కదానికే జెప్త హిమజా, నీ పెనిమిటికి గూడ చెప్పలే ఇంతవరకు. గాని ఉత్తగనే చెప్తనా? వంటింట్ల సజ్జ మీద పాత కుక్కర్ ఉన్నది సూడు, దాంట్ల బెల్లం డబ్బ దాసిపెడ్తది మీ అత్త. ఒక గడ్డ తే. షుగర్ ఉంటే ఉన్నది. డెబ్బై ఏడేండ్లు వచ్చినయ్, ఇంకా నన్నేం జేస్తదే షుగరు? మొన్న తెలంగాణ అచ్చిన్నాడు గల్లి గల్లికి మిఠాయిలు పంచిన్రా, నా చేతిల మాత్రం గుప్పెడు మరమరాలు వోసి కూసోవెట్టింది. రాష్ట్రం అచ్చింది గని నాకు బెల్లం ముక్క రాలే. పో, తే. మీ అత్త టైలర్ దగ్గరికి వోయింది, ఇప్పట్ల రాదు.

తెచ్చినవా? అబ్బ, మస్తు పెద్దదే తెచ్చినవ్. నీ కొంగుల ముడేస్కో ముందు, ఆఖర్కి తీస్కుంట. నోట్ల బెల్లం ఉంటే మాట సరిగ రాదు నాకు. ఇగ విను. మీ తాత పేరు బుచ్చిరాములు. బతికున్నన్ని దినాలు పేరు వెట్టి పిలువలే, పోయి పదేండ్లాయె, ఇప్పుడు పిలిస్తే పల్కుతడా ఏంది. ఉప్పల్‌ల నక్షలు గీసే సర్కారు ఆఫీసు ఉండె, దాంట్ల అటెండర్. అటెండరంటే చాయ్ తెచ్చుడు, ఫైలు మోసుడు అనుకునేవు. గాదు. పొద్దుగాల పోంగనే ఇరువై మంది సార్లకు పెన్సిళ్ళు చెక్కి పెట్టాలె. మనం చెక్కినట్టు గాదే. బ్లేడుతోని చెక్కను ఇంత పొడుగు తీసి, లోపటి నల్ల ముల్లును గరుకు కాయితం మీద రాకి రాకి సూది లెక్క జెయ్యాలె. గట్టి పెన్సిలుకు ఒక తీరు, మెత్త పెన్సిలుకు ఒక తీరు. ముల్లు ఇరిగిందో, అక్కడెక్కడనో కొండ గుట్ట ఉండేకాడ చెరువొస్తదట నక్షల. నిజమో అబద్దమో, గట్లనే చెప్పేటోడు, లోకమంతా ఆయన బ్లేడు మీదనే నిలవడ్డట్టు. మొండి పెన్సిళ్ళు జేబుల ఏస్కొని ఇంటికి తెచ్చేటోడు. నేను అంగీలు ఉతికినప్పుడల్లా బండ మీద కటకట. మీ మామ మహిపాల్ సదువుకున్నదంతా గా మొండి పెన్సిళ్ళతోనే. ముప్పై ఏండ్లు చెక్కిండు గాని ఒక్క గీత గీసింది నేను సూల్లే. రిటైర్ అయినంక మొదలైంది బీమారి. నా చెప్పులు గీసిండు. గేటు కాడ పండుకున్న బర్రెను గీసిండు. మీ మామ స్కూటర్ గీస్తే, గా పక్కింటోడు దాని మీద చెయ్యివెట్టి "ఎంతకిస్తవ్ మామా" అన్నడు. ఆడు తాగి ఉండె లే, గాని గంత మంచిగ గీసేది.

ఇగ రెండువేల మూడు. దసరకు ముంగట నెల దినాలు అర్రల తలుపేస్కొని ఏందో గీసిండు. నన్ను రానీయలే. ఒకనాడు మల్లాపూర్ రోడ్డు మీద అద్దం గట్టిచ్చుకొచ్చి, ఇంట్ల నడుమ గోడకు మొల కొట్టి తగిలేసిండు. ఇగో గీ పోరి. సూడు మంచిగ. ఎనిమిదో తొమ్మిదో ఏండ్లు ఉంటయ్. నూనె వెట్టి గుంజి దువ్విన నెత్తి, మీదికెల్లి లేసిన పిల్ల వెంట్రుకలు. గవ్వటిని గట్టి పెన్సిల్‌తోని గీసిండట, ఊదితే కదుల్తయేమో అన్నట్టు. కండ్లు మన దిక్కు సూడయ్, పక్కకు సూస్తయ్. ఒక పక్క బుగ్గ ఉబ్బి ఉంటది. గదువ కింద బట్ట అంచు, ముడుతలు ముడుతలు, గంతే, కింద ఇగ ఏం లేదు. పేరు లేదు ఊరు లేదు. ఇంటికొచ్చినోళ్ళందరు దాని ముంగట నిలవడుడే, తలా ఒక మాట చెప్పుడే. మీది పోర్షన్‌ల కిరాయికుండే అనంతలక్ష్మి, "గవదబిళ్ళలు అయినయ్ అత్తమ్మా పాపం, అందుకే కంబలి కప్పుకున్నది" అన్నది. మీ అత్తనేమో "దవాఖాన్ల మంచం మీది దుప్పటది, పోరి బతికుందో లేదో" అని దండం వెట్టింది. దండం వెట్టి ఊకున్నదా, కుంకుమబొట్టు గూడ పెట్టవోయింది అద్దానికి. మీ తాత చెయ్యి అడ్డం వెట్టి, "బతికే ఉన్నది, బొట్టు ఆమెనే పెట్టుకుంటది" అన్నడు. గంగాధరరావు సారని పెద్ద సారు, ఈయన చెక్కిన పెన్సిళ్ళతోని గీసినాయన, గుంటూరు దిక్కు మనిషి, హబ్సిగూడల ఇల్లు. ఆయనొచ్చి కండ్లద్దాలు తీసి, తుడిచి, మళ్ళ వెట్టుకొని, ఒక చాయ్ తాగేంతసేపు సూసిండు. "మల్లవ్వగారూ, ఇది మామూలు బొమ్మ కాదండీ. ఈ పాప ఏడుపు దిగమింగుకుంటోంది. ఆ బుగ్గలో ఉన్నది దుఃఖమండీ, దుఃఖం. ఆ గుడ్డ అంచు చూశారూ, అది గడప. లోపలికి రానివ్వలేదు ఎవరో." అగో, గప్పుడు నా గుండెల రాయి వడ్డది. లోపటికి రానియ్యలేదంటే ఎవలు? నేనే గదా ఈ ఇంటి దాన్ని! ఎవలి పోరిని రానియ్యలే నేను?

అడిగిన. గట్టిగనే అడిగిన. "ఎవల్దయ్యా గీ పోరి?" అంటే, "నువ్వే చెప్పు" అంటడు. "మన చుట్టాల్లదా?" "చుట్టమే, దగ్గరి చుట్టమే." "ఎక్కడుంటది?" "ఈడనే, నాచారంలనే." "దాన్ని ఎవలు సాకుతున్నరు?" "నేనే సాకుతున్న, ఎవలు సాకుతరు మరి!" గిట్ల, మొఖం మీద ఇంత నవ్వు లేకుంట. "ఎట్లుంటది మనిషి?" అన్న. "తిండికి మంచిగనే ఉన్నది. నోరే జర పెద్దది" అన్నడు. ఇగ నాకెట్లుంటది? గోడకున్న పోరిని తిట్టని తిట్టు లేదు. "దొంగ గుడ్ల దానా, పక్కింటి కుండల చెయ్యివెట్టిన మొఖం దానా, నీ బుగ్గల బొబ్బలెక్క" అని పొద్దుగాల ఊడ్సుకుంట తిట్టేది, మాపటికి దీపం వెట్టుకుంట తిట్టేది. ఆయనతోని మాట బంద్. కంచం స్టూలు మీద వెట్టి జరిగేదాన్ని. ఆయన గింత దూరంల కూసుంటే, "మహిపాల్, మీ నాయినకు చెప్పు, చారు లేదు" అనేదాన్ని. ఆయన, "మహిపాల్, మీ అమ్మకు చెప్పు, మజ్జిగ పొయ్యమని" అనేటోడు. మహిపాల్ ఇద్దర్ని సూసి కంచం పట్కొని వాకిట్లకు పోయేటోడు. పాపం, మీ మామకు గప్పటికే నలుబై దాటినయ్.

నాకు అనుమానం ఎవల మీద అంటే సూర్యకళ మీద. ఆఫీసు క్యాంటీన్ల చాయ్ వోసేది, తెల్లటి మనిషి, మాటకు నవ్వేది. మల్కాజిగిరిల ఇల్లు, బిడ్డను మాత్రం నాచారమే ఇచ్చింది. నాచారమే! సూసినవా? ఒకనాడు మన చెట్టు మునక్కాయలు కట్ట గట్టుకొని బస్సెక్కి పోయిన. "గిటు దిక్కొచ్చిన, ఇచ్చిపోదామని" అన్న. కూసోవెట్టింది, నీళ్ళిచ్చింది. బిడ్డ పురుటికి వచ్చి ఉండె, కొడుకు డ్యూటీకి పోతుండె. నేను వాళ్ళ మొఖాలే సూస్తున్న. కొడుకుకు మీసాలు ఇంత పొడుగు, గవ్వి తీసేస్తే ఎట్లుంటడో అని కండ్లు చికిలించి సూస్తున్న. బిడ్డను "జర పక్కకు తిరుగు బిడ్డా" అన్న. సూర్యకళకు మండింది. "ఏందక్కా, మునక్కాయలిచ్చి నా పిల్లల ముక్కులు కొలుస్తున్నవ్? దర్జీ పని నేర్సినవా?" నేను బొమ్మ ముచ్చట కక్కేసిన. పడీ పడీ నవ్విందే! "మీ ఆయనా? ఇరువై ఏండ్లు మా క్యాంటీన్ల చాయ్ తాగిండక్కా, నా మొఖం ఒక్కనాడన్న సూడలే. పెన్సిల్ కొస దిక్కు సూస్కుంట తాగేటోడు. ఎప్పుడన్న నోరిప్పితే నీ ముచ్చటనే. 'మా ఇంట్ల డబ్బల బెల్లం వారం నిలువదు సూర్యకళా, ఎలుకలున్నయో మనుషులున్నరో తెల్వది' అని నవ్వేటోడు." నాకు నవ్వొచ్చిందనుకున్నవా? ఇంకింత కోపమొచ్చింది. నా ఇంట్ల బెల్లం ముచ్చట దానికి చెప్తడా! ఇచ్చిన మునక్కాయల్ల సగం మళ్ళ ఇగ్గుకొని బస్సెక్కిన. గట్ల ఆరు నెలలు. ఆయనేమో నన్ను బుదగరిచ్చి కోపం దించనీకి ఒకనాడు మిర్చి బజ్జీలు, ఒకనాడు మల్లెపూలు, ఒకనాడు స్నానం జేసేటప్పుడు కూసుండనీకి ప్లాస్టిక్ పీట. తెచ్చి స్టూలు మీద వెట్టేటోడు, నేను ఆయన లేనప్పుడు తీస్కునేది. తీస్కునేది మాత్రం పక్కా.

ఇగ అసలు ముచ్చట. ఎండకాలం, పగటీలి. నాకు గప్పుడే షుగర్ అని తేలింది, మీ అత్త బెల్లానికి తాళం వెట్టుడు మొదలువెట్టింది. ఆనాడు తాళం మర్సిపోయింది. నేను ఇంత గడ్డ నోట్ల ఏస్కొని ఇవుతలికి వచ్చిన్నో లేదో, మెట్ల మీద దాని పట్టగొలుసుల చప్పుడు. నమిలితే చప్పుడైతది. మింగుదామంటే గొంతుల వడ్తది. ఏం జెయ్యాలె? బుగ్గకు దాసుకొని, గీ బొమ్మ ముంగట పోయి నిలవడ్డ, పోరిని తిట్టుకుంట నిలవడ్డట్టు. మీ అత్త నన్ను సూసింది, "ఇగ మొదలైంది" అనుకొని లోపటికి వోయింది. అది ఎటు దిక్కు వోయిందోనని నేను కండ్లు పక్కకు తిప్పి సూసి, మళ్ళ ముంగటికి సూస్తే... అద్దంల ఎండ వడి నా మొఖం కనవడ్తుంది. పోరి మొఖం మీద నా మొఖం. బొమ్మల ఏ పక్క ఉబ్బిందో నా బుగ్గ గా పక్కనే ఉబ్బింది. పోరి కండ్లు ఎట్ల పక్కకు తిరిగినయో నా కండ్లు గట్లనే తిరిగినయ్. గది దుఃఖం గాదు, గవదబిళ్ళ గాదు. బెల్లమే! గదువ కింది బట్ట దుప్పటి గాదు, గడప గాదు. పెండ్లి తెర!

ఆగు, చెప్త. నా పెండ్లి నాటికి నాకు తొమ్మిదేండ్లు, ఆయనకు పదమూడు. రజాకార్ల గడబిడ ఇంకా మొదలుగాలే. లగ్గం అయ్యేదాంక పిల్లకు ఏం పెట్టరు గద, పొద్దటి సంది ఉపాసం. మా ఇద్దరి నడుమ తెర వట్టిన్రు. నా చేతిల తమలపాకు, దాంట్ల జీలకర్ర బెల్లం, అయ్యగారు చెప్పంగనే ఆయన నెత్తి మీద వెట్టాలె. ఆ అయ్యగారు చెప్తలేడు. మంత్రం మీద మంత్రం. బెల్లం వాసన ముక్కుకు కొడ్తుంది. ఇంత గిల్లి నోట్ల ఏస్కున్న. మళ్ళింత. సూస్తుండంగనే ఆకుల ఏం మిగలలే. గప్పుడే అన్నడు మహానుభావుడు, "పెట్టండి" అని. మిగిలింది ఆయన నెత్తికి దోమంత అంటిచ్చిన. నోట్ల గడ్డ నోట్లనే ఉన్నది, తెర దించిన్రు. ఎనుక ఉన్న మా అమ్మ సూసిందేమోనని నేను కండ్లు పక్కకు తిప్పిన. గదే, గంతే, గా ఒక్క గడియ. ఎవ్వలు సూల్లే అనుకున్న. జీలకర్ర బెల్లం ఎంత గట్టిగ అంటితే జంట గంత గట్టిగుంటదని మా నాయనమ్మ అనేది. ఎవలకు చెప్పుకుంట? యాబై ఎనిమిదేండ్లు గా బయం కడుపుల వెట్టుకొని కాపురం జేసిన. ఆయన ఇంటికి ఆలస్యమైతే, గా బెల్లం సరిగ అంటలే అనుకునేది. ఆయన కోపం జేస్తే, నేనే తింటిని గద అనుకునేది. అందుకే సూర్యకళ ముచ్చట నమ్మిన బిడ్డా, సార్ చెప్పినందుకు గాదు. ఈయనేమో తెర దిగంగనే సూసిండు! పదమూడేండ్ల పోరడు, సూసి నవ్వలే, ఎవలకు చెప్పలే, ముసలోడై చెయ్యి వణికేదాంక దాసుకొని, గప్పుడు గీసిండు. బాసింగం గియ్యలే, సూడు. గీస్తే దొర్కిపోతడు గద. నా మొఖం నాకెట్ల ఎరుక? గా దినాల మా ఇంట్ల అద్దం లేదు, ఫోటో లేదు. నేనెట్లుంటినో చూసింది ఆయనే. గా దినం సంది పోరి నాకు మస్తు అందంగ కనవడ్డదే. అద్దం తుడిసిన. కండ్లు మంచిగున్నయ్ గదా, కాదా?

చెప్పినవా అంటవా? ఎందుకు చెప్తనే! చెప్తే మిర్చి బజ్జీలు బంద్ అయితయ్ గద. ఎనిమిది నెలలు అలిగినట్టే ఉన్న. "మహిపాల్, మీ నాయినకు చెప్పు" అనుకుంట. లోపటికి పోయి కొంగు నోట్ల కుక్కుకొని నవ్వేది. గా ఎనిమిది నెలల సుఖం నేను కాపురం మొత్తం పడలే. ఆయనకు తెల్సో తెల్వదో గదే నాకు ఇప్పటికి సమజ్ గాదు. ఆఖరు దినం గూడ గంతే. పగటీలి బువ్వ తిని, కుర్చీల కూసొని పెన్సిల్ చెక్కుతుండు. నేను ఆయన ముంగటికెల్లి పోతున్న. "ఏమే మల్లవ్వా, గా పోరి ఎవలో ఇంకా తెల్వలేదా?" అన్నడు. నా నోట్ల బెల్లమున్నది. నోరు తెరువరాదు. "ఊఁ" అన్న. నా బుగ్గ దిక్కు సూసిండు. నవ్విండు, నవ్విండు, కుర్చీ ఊగేటట్టు నవ్విండు. "పండుకుంటనే" అని లేసి మంచంల ఒరిగిండు. చాయ్ తీస్కపోయి లేపితే లేవలే. గంతే.

మూడో దినం పిట్టకు పెట్టనీకి పోయినం. ఆకుల అన్నం, కోడికూర, ఇంత కల్లు, మిర్చి బజ్జీలు. మీ మామ పెన్సిల్ గూడ పెట్టిండు. కాకి గోడ మీద కూసున్నది, దిగదు. ఎంతసేపైనా దిగదు. పోయినోళ్ళ మనసుల ఏమున్నదో మాటియ్యాలె గద, గప్పుడే ముడుతది. మీ మామ, "నాయినా, అమ్మను మంచిగ సూస్కుంట" అన్నడు. దిగలే. మీ అత్త, "మామయ్యా, అత్తమ్మ మీద కోపం జెయ్య" అన్నది. అసలే దిగలే. ఇగ మీ మామ ఏడ్సుకుంట, అందరు ఇనంగ, "నాయినా, గా పోరి ఎక్కడున్నా నేను ఎతుకుత. నా సొంత చెల్లె లెక్క సూస్కుంట!" అన్నడు. నాకు నవ్వు ఆగలే, కొంగు మొఖం మీద ఏస్కొని వంగిన. ఏడుస్తుందనుకొని నన్ను ఇద్దరు పట్టుకున్నరు. ఇడిపిచ్చుకొని ఆకు దగ్గరికి వోయిన. ఎవ్వలు ఇనకుండ అన్న, "బెల్లం తిన్నది నేనేనయ్యా. తెల్సింది నాకు. దోమంతనే వెట్టిన గాని మంచిగనే అంటింది. ఇగ తిను." నేను ఇట్ల జరిగిన్నో లేదో, కాకి దిగింది. ముందుగాల బజ్జీయే ముట్టింది. అందరు మీ మామ మాటకు దిగిందన్నరు. ఆయన గూడ గదే నమ్మిండు. రెండేండ్లు ఎతికిండే పాపం! ఎవలో చెప్పిన్రని జవహర్‌నగర్ దాంక పోయొచ్చిండు. చెప్దామని నోటిదాంక వచ్చేది. గాని ఎట్ల ఎరుకయిందంటే ఏం జెప్పాలె? బెల్లం దొంగతనం జేసి బొమ్మ ముంగట నిలవడ్డ అని జెప్తే, మీ అత్త గా డబ్బను ఎక్కడ దాస్తదో మళ్ళ!

అందుకే నీకు చెప్తున్న. బొమ్మను నీ పెండ్లి చీరల నడుమ వెట్టు, పెట్టెకు తాళమెయ్యి. కొత్తింట్ల నా మంచానికి ఎదురుంగ మొల నువ్వే కొట్టాలె. అడిగితే నీకే నచ్చిందని చెప్పు, కొత్త కోడలివి, నిన్నేమనరు. ఇగో, చెయ్యి మీద చెయ్యి వెయ్యి... అయ్యో, గేటు చప్పుడు. మెట్ల మీద పట్టగొలుసులు, మీ అత్తనే. గప్పుడే వచ్చింది సూడు! ముడి ఇప్పు, జల్ది ఇప్పు. గడ్డ మొత్తం ఇటియ్యి. నువ్వు బొమ్మను తుడుస్తున్నట్టు కూసో. ఇగ నన్నేం అడుగకు బిడ్డా, అడిగినా నేను...

ఊఁ.